పాప్ పరీక్షకు ఏ కోడ్: 88142, 88164, 88175, జి0145ల మధ్య ఎంపిక

అమెరికా ల్యాబ్‌లు బీమాకు పంపే క్లెయిమ్‌ల మీద కోడ్‌లు వేసే మన కోడర్లకు సైటాలజీ (కణపరీక్షల) అకౌంట్ మొదటిసారి చేతికి వచ్చినప్పుడు ఎదురయ్యే చిక్కు దాదాపు ఒకే రకంగా ఉంటుంది. డాక్టరు పంపిన ఆర్డరులో "పాప్" అన్న ఒక్క మాట కనిపిస్తుంది. అమెరికా వైద్యసేవల కోడ్‌ల పుస్తకమైన సీపీటీ తెరిస్తే గర్భాశయ ముఖద్వార కణపరీక్షకు 88141 నుంచి 88175 వరకు అక్కడక్కడా చెదిరి పదిహేను కోడ్‌లు ఉంటాయి, అమెరికా ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ స్క్రీనింగ్ కోసం హెచ్‌సీపీసీఎస్ అనే మరో కోడ్‌ల జాబితాలో మరో పది ఉంటాయి. అమీర్‌పేట కోచింగులో ఈ అధ్యాయానికి సాధారణంగా ఒక పూటకు మించి సమయం దొరకదు కాబట్టి, చాలామంది 88142 ఒక్కటి గుర్తుపెట్టుకుని ఉద్యోగంలో చేరతారు. ఆ కోడ్ తప్పు కాదు, అయితే అది ఒక ప్రత్యేక పద్ధతిలో చేసిన పరీక్షకు మాత్రమే చెందినది.

కోడ్‌ను పరీక్ష పేరును బట్టి ఎంచుకోకూడదనీ, స్లైడు ఎలా తయారైందో, దాన్ని ఎవరు చూశారో బట్టి ఎంచుకోవాలనీ ముందుగా మనసులో ఉంచుకుంటే పాతిక కోడ్‌ల గందరగోళం చాలావరకు విడిపోతుంది. ఆ సమాచారం ఆర్డరు కాగితంలో ఉండదు. ల్యాబ్ రిపోర్టు అడుగున, చాలామంది చదవకుండా వదిలేసే పద్ధతి వివరణలో ఉంటుంది. నేను ఆడిట్ చేసేటప్పుడు మొదట రోగనిర్ధారణ వాక్యాన్ని కాక ఆ చివరి పేరానే చదువుతాను.

ముందు స్లైడు సంగతి

పాత పద్ధతిలో డాక్టరు సేకరించిన కణాలను అక్కడికక్కడే గాజు పలక మీద పూసి, ఆల్కహాలుతో స్థిరపరిచి ల్యాబ్‌కు పంపేవారు. పపనికొలావు, ట్రౌట్ 1943లో ప్రచురించిన పద్ధతికి ఇదే రూపం. దీన్ని కన్వెన్షనల్ స్మియర్ అంటారు. కొత్త పద్ధతిలో కణాలను నిల్వద్రవం ఉన్న సీసాలో వేసి పంపితే, ల్యాబ్‌లోని యంత్రం వాటిలోంచి పలుచని ఒక పొరను స్లైడు మీద పరుస్తుంది. ఈ పద్ధతి వ్యవస్థల్లో థిన్‌ప్రెప్‌కు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 1996లోనూ, ష్యూర్‌పాత్‌కు 1999లోనూ వచ్చాయి. ఇప్పుడు అమెరికాలో ల్యాబ్‌కు చేరే నమూనాల్లో అత్యధికం ఈ ద్రవపద్ధతివే.

ద్రవపద్ధతి స్లైడ్లకు 88142, 88143, 88174, 88175 అనే నాలుగు కోడ్‌లు ఉన్నాయి. పూత స్లైడ్లకు మిగిలిన స్లైడు పరిశీలన కోడ్‌లు. ఇక్కడే కొత్త కోడర్లు పడే గొయ్యి ఒకటుంది. 88142 వివరణలోనే "ఆటోమేటెడ్ థిన్ లేయర్ ప్రిపరేషన్" అన్న మాటలు ఉంటాయి. రిపోర్టులో "ఆటోమేటెడ్" అని కనబడగానే 88174కో 88175కో వెళ్లిపోయేవారిని నేను చాలామందిని చూశాను. 88142లోని ఆ మాట స్లైడు తయారీకి సంబంధించినది, స్లైడు పరిశీలనకు కాదు. పొరను యంత్రం పరిచినా, ఆ పొరను సైటోటెక్నాలజిస్ట్ (కణాలను పరిశీలించే ల్యాబ్ నిపుణుడు) మైక్రోస్కోపు కింద స్వయంగా వెతికితే అది 88142 మాత్రమే. స్లైడు మీద పొరను పరిచిన యంత్రం వేరు, స్లైడును చదివిన యంత్రం వేరు అని ఒకసారి స్పష్టపడితే ఈ పొరపాటు మళ్లీ జరగదు.

ఎవరు చూశారు, ఎన్నిసార్లు చూశారు

ద్రవపద్ధతి నాలుగు కోడ్‌ల మధ్య ఎంపిక ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. మనిషి ఒకసారి చూస్తే 88142. మనిషి చూసిన స్లైడును మళ్లీ మనిషే మొత్తంగా తిరిగి వెతికితే 88143. యంత్రం చూసి ఊరుకుంటే 88174. యంత్రం చూసిన తర్వాత మనిషి తిరిగి వెతికినా, సమీక్షించినా 88175. ఈ నాలుగింటిలోనూ పని వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి.

వీటిలో 88175కు అర్థం సరిగా తెలియాలంటే ఇమేజింగ్ యంత్రం ఏం చేస్తుందో తెలియాలి. థిన్‌ప్రెప్ ఇమేజింగ్ సిస్టమ్‌కు 2003లో అనుమతి వచ్చింది. అది స్లైడు మొత్తాన్ని చిత్రించి, అనుమానం కలిగించే కణాలున్న ఇరవై రెండు చోట్లను గుర్తిస్తుంది. సైటోటెక్నాలజిస్ట్ ఆ ఇరవై రెండు చోట్లను చూస్తారు. అక్కడ ఏ తేడా కనిపించకపోతే స్లైడు నెగటివ్‌గా ముగుస్తుంది, ఏ ఒక్కచోట తేడా కనిపించినా మొత్తం స్లైడును వెతకాలి. "ఇరవై రెండు చోట్లు మాత్రమే చూస్తే రీస్క్రీనింగ్ ఎలా అవుతుంది, కాబట్టి 88174 కదా" అని వాదించే కోడర్లు ఉన్నారు. 88175 వివరణలో "మాన్యువల్ రీస్క్రీనింగ్ ఆర్ రివ్యూ" అని ఉండటానికి కారణం ఇదే. గుర్తించిన చోట్లను మాత్రమే చూసినా, మొత్తం స్లైడును చూసినా రెండూ 88175 కిందికే వస్తాయి.

మరి 88174 ఎక్కడ వాడాలి? మనిషి కన్ను పడకుండానే యంత్రం తీర్పు మీద స్లైడు మూసేసినప్పుడు. ఫోకల్‌పాయింట్ అనే మరో ఇమేజింగ్ యంత్రానికి ఆ అనుమతి ఉంది. తక్కువ ప్రమాదమని అది తేల్చిన స్లైడ్లను, మొత్తంలో పావువంతుకు మించకుండా, ఇక చూడనక్కరలేదని పక్కకు పెట్టవచ్చు. అంటే ఒకే ల్యాబ్‌లో, ఒకే యంత్రం మీద, ఒకే రోజు నడిచిన స్లైడ్లలో కొన్నిటికి 88174, కొన్నిటికి 88175 రావచ్చు. ల్యాబ్ మొత్తానికి ఒకే కోడ్ అని సాఫ్ట్‌వేర్‌లో బిగించేస్తే రెండింటిలో ఒకటి తప్పుతుంది.

88143 విషయంలో నాది కొంచెం కఠినమైన అభిప్రాయం. అమెరికా ల్యాబ్‌లను నియంత్రించే 1988 నాటి క్లియా చట్టం కింది నిబంధనల ప్రకారం, ప్రతి సైటోటెక్నాలజిస్ట్ నెగటివ్‌గా తేల్చిన కేసుల్లో కనీసం పదిశాతాన్ని మరొకరు తిరిగి చూడాలి. ఇది ల్యాబ్ నాణ్యతా తనిఖీ, రోగి కోసం ఆర్డరు చేసిన సేవ కాదు. రిపోర్టులో "రీస్క్రీన్డ్" అన్న ముద్ర కనిపించిన ప్రతి స్లైడుకూ 88143 వేస్తే, ల్యాబ్ తన తనిఖీ ఖర్చును బీమా సంస్థ మీద రుద్దినట్టవుతుంది. ఆ ముద్ర పదిశాతం తనిఖీదా, అన్ని స్లైడ్లకూ జరిగే రెండో పరిశీలనదా అన్నది ల్యాబ్‌ను రాతపూర్వకంగా అడిగి తెలుసుకునేంతవరకు నేను 88142కే నిలబడతాను.

డబ్బు తేడా పెద్దగా ఉండదు. మెడికేర్ ల్యాబ్ రుసుముల పట్టికలో 88142కు సుమారు ఇరవై డాలర్లు, 88175కు సుమారు ఇరవై ఆరు డాలర్లు వస్తాయి. ఒక్కో క్లెయిమ్‌కు ఆరు డాలర్లే కదా అనిపిస్తుంది. నెలకు వేలల్లో స్లైడ్లు నడిచే ల్యాబ్‌లో అది ఏడాది తిరిగేసరికి ఎంతవుతుందో లెక్క కట్టవచ్చు. నేను ఆడిట్ చేసిన ఒక అకౌంట్‌లో ల్యాబ్ ఇమేజింగ్ యంత్రం తెచ్చుకుని నెలలు గడిచినా కోడింగ్ బృందానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, బృందమూ రిపోర్టు చివరి పేరా చదవలేదు, దాంతో అన్నీ 88142 మీదే వెళ్లిపోయాయి. తక్కువ డబ్బు రావడం నష్టమే కానీ నేరం కాదు. అదే పొరపాటు తిరగబడి, యంత్రం మరమ్మతులో ఉండి మనుషులే చూసిన వారాల్లో కూడా 88175 వెళ్లి ఉంటే, డబ్బు వెనక్కి కట్టాల్సి వచ్చేది.

పూత స్లైడ్లు: 88150 వరుసా, 88164 వరుసా

ఈ భాగానికి ఎక్కువ సమయం అవసరం లేదు. ఫలితాన్ని బెథెస్డా అనే ప్రామాణిక రిపోర్టింగ్ పద్ధతిలో రాస్తే 88164, 88165, 88166, 88167లలో ఒకటి. బెథెస్డా కాని పద్ధతిలో రాస్తే 88150, 88152, 88153లలో ఒకటి. బెథెస్డా పద్ధతి 1988లో మొదలైంది, తర్వాత మూడుసార్లు సవరించారు, చివరి సవరణ 2014 నాటిది. కణాల్లో తేడా స్థాయిని చెప్పే ఏఎస్‌సీ-యూఎస్ (అర్థం తేలని తేడా), ఎల్‌సిల్ (తక్కువ స్థాయి), హెచ్‌సిల్ (ఎక్కువ స్థాయి) అన్న మాటలు రిపోర్టులో కనిపిస్తే అది బెథెస్డాయే. "క్లాస్ 2", "క్లాస్ 3" అని కనిపిస్తే పాతది. అమెరికా ల్యాబ్‌లన్నీ దాదాపు బెథెస్డానే వాడుతున్నాయి కాబట్టి పూత స్లైడును మనిషి ఒకసారి చూస్తే మీ చేయి 88164 వైపే వెళ్లాలి. 88150 వేసిన క్లెయిమ్ కనిపిస్తే నేను ముందు దాన్నే అనుమానిస్తాను. పూత స్లైడును యంత్రం చూస్తే 88147, యంత్రం తర్వాత మనిషి చూస్తే 88148.

ద్రవపద్ధతి కోడ్‌లకు ఈ విభజన లేదు. వాటి వివరణలోనే "ఏ రిపోర్టింగ్ పద్ధతి అయినా" అని ఉంటుంది.

పాథాలజిస్ట్ చూసినప్పుడు

పైన చెప్పిన ప్రతి కోడూ ల్యాబ్ సాంకేతిక పనికి సంబంధించినది. స్లైడులో తేడా కనిపించి పాథాలజిస్ట్ స్వయంగా చూసి అభిప్రాయం రాస్తే, దానికి 88141ను అదనంగా జోడించాలి. 88141 ఎప్పుడూ ఒంటరిగా పుట్టదు, దాని పక్కన పైన చెప్పిన స్లైడు పరిశీలన కోడ్‌లలో ఒకటి ఉంటుంది, అయితే ల్యాబూ పాథాలజిస్ట్ బృందమూ వేర్వేరు సంస్థలైతే రెండు వేర్వేరు క్లెయిమ్‌ల మీద కనిపించవచ్చు. ఇది పూర్తిగా వైద్యుని సేవే కాబట్టి దీనికి 26 మాడిఫయర్ (వైద్యుని భాగానికి మాత్రమే అని చెప్పే తోక అంకె) తగిలించకూడదు. ఈ ఒక్క కారణంగా తిరిగొచ్చిన క్లెయిమ్‌లు నా బల్ల మీదికి తరచూ వస్తాయి.

రియాక్టివ్ మార్పులు, మరమ్మతు దశలోని కణాలు, ఏఎస్‌సీ-యూఎస్ నుంచి పైస్థాయి మార్పులన్నీ క్లియా ప్రకారం పాథాలజిస్ట్ చూడవలసినవే. కాబట్టి తుది ఫలితం "నెగటివ్, రియాక్టివ్ మార్పులు" అని ఉన్నా 88141 న్యాయమే కావచ్చు. రిపోర్టు కింద పాథాలజిస్ట్ సంతకం ఉందా, అది వ్యాఖ్యానానికా, తనిఖీకా అన్నది చూడాలి. పదిశాతం తనిఖీలో భాగంగా పాథాలజిస్ట్ ఒక నెగటివ్ స్లైడును చూస్తే 88141 రాదు.

మెడికేర్ రోగి అయితే

ఇక్కడ దారి పూర్తిగా మారుతుంది, ఎక్కువ డినయల్స్ (బీమా తిరస్కరణలు) కూడా ఇక్కడే పుడతాయి. లక్షణాలు లేని మహిళకు స్క్రీనింగ్‌గా చేసిన పరీక్షకు మెడికేర్ 88 వరుసను అంగీకరించదు, జి కోడ్ కావాలి. లక్షణాలు, మునుపటి అసాధారణ ఫలితం, జననాంగ క్యాన్సర్ చరిత్ర వంటి కారణాలతో చేసిన డయాగ్నస్టిక్ పరీక్షకు 88 వరుసే వాడాలి. అంటే ఒకే యంత్రం, ఒకే పద్ధతి, ఒకే సైటోటెక్నాలజిస్ట్ అయినా, ఎందుకు చేశారన్న దాన్ని బట్టి కోడ్ మారుతుంది.

జంటలను ఇలా గుర్తుపెట్టుకోవచ్చు. 88142కు జి0123, 88143కు జి0143, 88174కు జి0144, 88175కు జి0145. పూత స్లైడును యంత్రం చూస్తే జి0147, తర్వాత మనిషి కూడా చూస్తే జి0148. పూత స్లైడును మనిషే చూస్తే పి3000, దీనికి బెథెస్డా విభజన లేదు. పాథాలజిస్ట్ వ్యాఖ్యానానికి 88141 స్థానంలో ద్రవపద్ధతికి జి0124, పూత స్లైడుకు పి3001, యంత్రం చూసిన పూత స్లైడుకు జి0141 అని వివరణలు చెబుతాయి. నమూనా సేకరించి ల్యాబ్‌కు పంపినందుకు డాక్టరు వేసుకునే క్యూ0091 ల్యాబ్‌కు సంబంధించినది కాదు. ల్యాబ్ క్లెయిమ్ మీద అది కనిపిస్తే తీసేయవలసిందే.

కోడ్ సరిగా ఉన్నా వ్యవధి తప్పితే డబ్బు రాదు. మెడికేర్ ఈ స్క్రీనింగ్‌ను 1990 జులై నుంచి ఇస్తోంది. మొదట మూడేళ్లకు ఒకసారి ఉండేది, 2001 జులై నుంచి రెండేళ్లకు ఒకసారి అయింది. అధిక ప్రమాదం ఉన్నవారికీ, బిడ్డలు కనే వయసులో ఉండి గత మూడేళ్లలో అసాధారణ ఫలితం వచ్చినవారికీ ఏడాదికి ఒకసారి ఇస్తుంది. పదహారేళ్ల లోపే లైంగిక జీవితం మొదలవడం, జీవితకాలంలో ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది లైంగిక భాగస్వాములు ఉండటం, లైంగిక వ్యాధుల చరిత్ర, గత ఏడేళ్లలో మూడు కంటే తక్కువ నెగటివ్ పరీక్షలు ఉండటం, తల్లి గర్భంలో డీఈఎస్ మందు ప్రభావానికి లోనై ఉండటం అధిక ప్రమాదం కిందికి వస్తాయి. మెడికేర్ అంటే అరవై అయిదేళ్లు దాటినవారే కదా, బిడ్డలు కనే వయసు ఎక్కడిది అని ఆశ్చర్యపడే కోడర్లు వైకల్యం కారణంగా చిన్న వయసులోనే మెడికేర్ వచ్చినవారిని మరచిపోతున్నారు.

గత అసాధారణ ఫలితం ఉన్న యువతి కేసు రెండు గళ్లలోనూ పడుతుంది: ఏడాది స్క్రీనింగ్ అనీ అనవచ్చు, డయాగ్నస్టిక్ అనీ అనవచ్చు. ఇది కోడర్ తేల్చే ప్రశ్న కాదు. ఆర్డరు చేసిన డాక్టరు ఏమని రాశారో అదే చెల్లుతుంది. రాయకపోతే అడగాలి.

మెడికేర్ కాని ప్రైవేటు బీమాలకు స్క్రీనింగైనా, డయాగ్నస్టిక్కైనా సాధారణంగా 88 వరుసే వెళ్తుంది, తేడాను రోగనిర్ధారణ కోడ్ చెబుతుంది. స్క్రీనింగ్‌కే వచ్చిన మహిళకు జెడ్12.4. అయితే అది సాధారణ స్త్రీవైద్య పరీక్షలో భాగంగా జరిగితే జెడ్12.4 వాడకూడదు, తేడా ఏమీ కనిపించకపోతే జెడ్01.419, కనిపిస్తే జెడ్01.411. ఈ రెండు వర్గాల మధ్య పుస్తకంలోనే నిషేధ సూచన ఉంది కాబట్టి ఒకే క్లెయిమ్ మీద రెండూ పెట్టకండి. స్క్రీనింగ్‌లో ఏఎస్‌సీ-యూఎస్ వచ్చినంత మాత్రాన పరీక్ష డయాగ్నస్టిక్‌గా మారిపోదు. స్క్రీనింగ్ కోడ్ మొదట, ఏఎస్‌సీ-యూఎస్ ఫలితాన్ని చెప్పే ఆర్87.610 తర్వాత. ఈ క్రమాన్ని తిరగేస్తే, 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం కింద ఉచితంగా జరగవలసిన పరీక్షకు బిల్లు రోగి ఇంటికి చేరుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన చెల్లెళ్లు వాట్సాప్‌లో ఫొటో తీసి "ఇదేంటక్కా, ఉచితమన్నారు కదా" అని పంపే బిల్లుల్లో ఈ రకానివి కొన్ని ఉంటాయి. బిల్లు పంపినవారికి ఫోను చేసి కోడ్‌ల క్రమం సరిచూడమని అడగటమే వాళ్లకు నేనిచ్చే సలహా.

హెచ్‌పీవీ తోడైతే

ఇప్పుడు చాలా సీసాల్లోంచి పాప్‌తో పాటు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ పరీక్ష కూడా నడుస్తుంది. సైటాలజీ కోడ్‌తో హెచ్‌పీవీ కోడ్‌కు పోటీ లేదు, రెండూ పక్కపక్కన వెళ్తాయి. అధిక ప్రమాద రకాలన్నిటికీ కలిపి ఒకే జవాబు వస్తే 87624. 16, 18 రకాలను మాత్రమే, అవసరమైతే 45ను కూడా, విడిగా వెతికితే 87625. ఒకే పరీక్షలో కొన్ని రకాలకు విడి జవాబూ, మిగిలినవాటికి కలిపిన జవాబూ వచ్చేవాటికి 2025 జనవరి 1 నుంచి 87626 వచ్చింది. అంతకు ముందు నాటి నోట్సు చూసి కోడ్ వేసేవారు ఇంకా 87624 దగ్గరే ఆగిపోతున్నారు కాబట్టి, ల్యాబ్ వాడే కిట్ జవాబును ఏ రూపంలో ఇస్తుందో ఒకసారి అడగడం మంచిది.

మెడికేర్ స్క్రీనింగ్‌లో దీనికి జి0476 ఉంది. 2015 జులై 9 నుంచి అమల్లో ఉన్న ఈ కోడ్ ముప్పై నుంచి అరవై అయిదేళ్ల మధ్యవారికి, లక్షణాలు లేనప్పుడు, పాప్‌తో కలిపి చేసినప్పుడు, అయిదేళ్లకు ఒకసారి చెల్లుతుంది. నిర్ధారణ కోడ్‌లుగా జెడ్11.51తో పాటు జెడ్01.411 లేదా జెడ్01.419 ఉండాలి. పాప్‌లో ఏఎస్‌సీ-యూఎస్ వచ్చాక ల్యాబ్ దానంతటదే నడిపిన రిఫ్లెక్స్ హెచ్‌పీవీ స్క్రీనింగ్ కాదు, అక్కడ జి0476 వేయకుండా సీపీటీ కోడ్‌కే వెళ్లాలి.

నమూనా పనికిరానిదని తేలిన కేసులు ఇంకొక చిన్న మెలిక. స్లైడు తయారై, చూశాక "అన్‌శాటిస్‌ఫాక్టరీ" అని రాస్తే పని జరిగింది కాబట్టి ఆ పద్ధతి కోడ్ వెళ్తుంది, నిర్ధారణగా ఆర్87.615 వస్తుంది. సీసా మీద పేరు లేదని, పగిలిందని ల్యాబ్ తలుపు దగ్గరే తిప్పి పంపితే బిల్లు ఉండదు. డాక్టరు మళ్లీ నమూనా తీసినప్పుడు మెడికేర్‌కు క్యూ0091ను, అదే సేవ మళ్లీ చేశామని చెప్పే 76 మాడిఫయర్‌తో పంపడం డాక్టరు బిల్లింగ్ వారి పని. గుదద్వార కణపరీక్ష రిపోర్టులు కూడా ఇదే ల్యాబ్ నుంచి "పాప్" అనే పేరుతోనే వస్తాయి. ఈ వ్యాసంలోని ఏ కోడూ వాటికి చెల్లదు, ఎందుకంటే వీటి వివరణలన్నీ గర్భాశయ ముఖద్వారం, యోని నమూనాలకే పరిమితం. గర్భసంచి తీసేసిన తర్వాత యోని నుంచి తీసిన నమూనాకు మాత్రం ఇవే కోడ్‌లు చెల్లుతాయి, స్క్రీనింగ్ అయితే జెడ్12.72 కావాలి.

రిపోర్టులో పద్ధతి వివరణే లేకపోతే ఏం చేయాలని మా బృందంలో కొత్తగా చేరినవారు తరచూ అడుగుతారు. ఊహించి 88142 వేయకండి, క్లెయిమ్‌ను ఆపి ల్యాబ్‌కు ప్రశ్న పంపండి. ఒకే సంస్థకు రెండుమూడు ఊళ్లలో ల్యాబ్‌లు ఉంటే ఏ ఊళ్లో ఏ యంత్రం ఉంది, ఏ తేదీ నుంచి వాడుతున్నారు, అది ఆగిపోయిన రోజుల్లో స్లైడ్లను ఎలా చూశారు అన్న పట్టికను రాతపూర్వకంగా తీసుకుని, ఆ అకౌంట్ కోడింగ్ సూచనల మొదటి పేజీలో అతికించండి. యంత్రం మారిన ప్రతిసారీ ఆ పేజీ తేదీతో సహా మారాలి.